కొట్టుకుపోయిన పిట్‌ఫాల్ కప్పులకి డేటాలో సున్నా వెయ్యాలా, ఖాళీ వదిలెయ్యాలా?

చీమలబాట:
అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఎమ్మెస్సీ జువాలజీ ఫైనల్ ఇయర్ చేస్తున్నా. ప్రాజెక్ట్ ఏంటంటే ఒక జీడి తోటలోనూ, దాన్ని ఆనుకునే ఉన్న తుప్పల కొండ వాలు మీదా నేల మీద తిరిగే చీమలు ఎన్ని రకాలున్నాయి, ఎక్కడ ఎక్కువున్నాయి అని పోల్చడం. చోటు ఆనందపురం దాటి భీమిలి వైపు. రెండూ ఒకే రైతు పట్టా భూమి, ఆయన్ని అడిగి ఒప్పుకున్నాకే మొదలెట్టాను.

పద్ధతి పిట్‌ఫాల్, మీలో చాలామందికి తెలిసిందే, ప్లాస్టిక్ కప్పుని అంచు నేలతో సమానంగా వచ్చేలా పాతిపెట్టి అందులో సగం దాకా ఉప్పు నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి వదిలేస్తే నడిచెళ్లే చీమ జారి పడుతుంది, సబ్బు ఉంటుంది కాబట్టి తేలకుండా మునుగుతుంది. తోటలో 20, వాలు మీద 20, కప్పుకీ కప్పుకీ మధ్య 10 మీటర్లు, 48 గంటలు. శనివారం పొద్దున్న పెట్టా. ఆదివారం రాత్రి ఎలాంటి వాన పడిందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సోమవారం మొదటి బస్సుకి వెళ్లి చూస్తే వాలు మీద 8 కప్పులు ఎర్రమట్టితో నిండిపోయి ఉన్నాయి, 3 అసలు లేనే లేవు, పక్కన కాలి గుర్తులున్నాయి గానీ కుక్కవో నక్కవో అర్థం కాలేదు. తోటలో పోయినవి 2 మాత్రమే. ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను. ఆ రాళ్ల నేలలో 20 గుంతలు తవ్వడానికి నాకూ మా తమ్ముడికీ ఒక పూటంతా పట్టింది, గడ్డపార కూడా దిగదు అక్కడ.

ఇప్పుడు పోయిన 13 కప్పులకి ఎక్సెల్‌లో ఏం రాయాలి? ల్యాబ్‌లో ఒకరు చీమలు దొరకలేదు కాబట్టి సున్నా వెయ్ అన్నారు, ఇంకొకరు మిగతా కప్పుల సగటు తీసి నింపెయ్ ఎవరు చూస్తారు అన్నారు. నాకు రెండూ మనసొప్పలేదు. ఇంకోటి, మిగిలిన కప్పుల్లో లెక్కపెడితే ఒక్కో తోట కప్పులో వాలు కప్పు కంటే దాదాపు మూడు రెట్లు చీమలున్నాయి. తోటంటే ఒకే రకం చెట్టు, వాలు మీదేమో బోలెడు రకాల తుప్పలు, మరి తోటలోనే ఎక్కువున్నాయంటే అది నిజమేనా, అలా రాసెయ్యొచ్చా? వాన నుంచి కప్పుల్ని ఎలా కాపాడుకోవాలో కూడా చెప్పండి, ఇంకా రెండు మూడు రౌండ్లు ఉన్నాయి, ముందుంది తుఫాన్ల కాలం.

తూర్పుకనుమ:
చెల్లీ, సున్నా మాత్రం వెయ్యకు. సున్నా అంటే కప్పు 48 గంటలూ నోరు తెరుచుకునే ఉంది, ఒక్క చీమా పడలేదు అని అర్థం. అది కొలత, చాలా విలువైన కొలత కూడా. పోయిన కప్పు అంటే అసలు కొలతే జరగలేదు. రెండిటికీ ఒకే అంకె వేస్తే రేపు నీ షీట్ చూసేవాళ్లకి ఏది ఏదో తెలిసే దారి లేదు. పైగా పోయినవాటిలో 11 వాలు మీదవే, ఆ 11 గడుల్లో సున్నాలు పడితే కొండ మీద చీమలు లేవని నీ డేటా చెప్తుంది, నిజానికి ఆ మాట చెప్పింది వాన. సగటు పెట్టి నింపడం ఇంకా పెద్ద తప్పు, జరగని కొలతని జరిగిందని రాయడం అది, ఎవరు చూసినా చూడకపోయినా. ఎన్ఏ (అంటే కొలత లేదు) అని పెట్టి పక్కన ఇంకో కాలమ్ తెరువు, అందులో ఒక్కో కప్పు ఎందుకు పోయిందో రాసుకో, మట్టి నిండిందా, జంతువు పీకిందా, కనపడలేదా అని.

మట్టి నిండిన ఆ 8 పారేశావా? పారెయ్యకపోతే నీళ్లు పోసి సన్న జల్లెడ పట్టు, చీమలు దొరుకుతాయి. ఆ వాలు మీద ఏ రకాలున్నాయో చెప్పడానికి అవి పనికొస్తాయి, ఎన్ని ఉన్నాయో చెప్పడానికి మాత్రం పనికిరావు, నీళ్లు పొంగినప్పుడు తేలినవి ఎటు కొట్టుకుపోయాయో మనకి తెలీదు కదా.

ఇక కాపాడుకోవడం. నేను అరకు వైపు కాఫీ తోటల్లో మొదటి ఏడాది ఇలాగే సగానికి సగం పోగొట్టుకున్నా, అప్పట్నుంచి ఒక కప్పులో ఇంకో కప్పు పెడుతున్నా. బయటి కప్పు అడుగున చిల్లులు పెట్టి పాతేస్తే అది భూమిలోనే ఉండిపోతుంది, లోపలి కప్పు మాత్రం తీసి పెట్టుకోవచ్చు, ప్రతి రౌండుకీ గడ్డపార అక్కర్లేదు. లోపలి కప్పుకి అంచు కింద ఒక వేలు వెడల్పు దూరంలో రెండు చిన్న కన్నాలు పెట్టి దోమతెర ముక్క అతికించు, నీళ్లు ఎక్కువైతే అందులోంచి పోతాయి పురుగు పోదు. పైన ప్లాస్టిక్ టిఫిన్ ప్లేటు, మూడు పాత సైకిల్ పుల్లల మీద, నేలకి 3, 4 సెంటీమీటర్లు ఎత్తులో. వాలు మీద కప్పుకి పైవైపున అరచందమామలా చిన్న కాలవ తవ్వితే వచ్చే నీరు పక్కకి పోతుంది. కుక్కలకి కోళ్ల జాలీ ముక్క పరిచి నాలుగు మూలలా మేకులు కొట్టు, కప్పలు పడటం కూడా తగ్గుతుంది, కప్ప పడితే లోపలున్న చీమల్ని తినేస్తుంది ఆ కప్పు లెక్క కూడా పోయినట్టే. ఇవన్నీ వాలు మీద పెడితే తోటలో కూడా పెట్టాలి, అక్కడ అవసరం లేదు కదా అని మానెయ్యకు, ప్లేటు నీడకి కొన్ని పురుగులు చేరతాయి కాబట్టి రెండు చోట్లా ఒకేలా ఉండాలి.

ఇంకో విషయం, పాతిన రోజే మూత తీశావా? తవ్విన కొత్తలో మామూలు కంటే ఎక్కువ పడతాయి, నేల కదిలి గూళ్లు చెదురుతాయి, దాన్ని గ్రీన్‌స్లేడ్ అనే ఆయన 1973లోనే చూపించాడు. పాతి, మూత పెట్టి, కనీసం నాలుగైదు రోజులు వదిలేసి అప్పుడు తెరువు. కప్పు అంచుకీ మట్టికీ మధ్య చీమ కాలంత సందున్నా అది అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది, తెరిచే రోజు ఒక్కో కప్పు దగ్గరా కూర్చుని వేలితో తడిమి చూసుకో.

కొందరు ఎండిపోదని బండి కూలెంట్ పోస్తారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. అందులో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, తియ్యగా ఉంటుంది, కుక్క తాగితే కిడ్నీలు పోయి చచ్చిపోతుంది. 48 గంటలకి ఉప్పు నీళ్లు చాలు, తీసిన రోజే మంచినీళ్లతో కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చు, డీఎన్ఏ ఆలోచన ఉంటే కొన్ని మాత్రం 95లో.

లెక్కలపుస్తకం:
సున్నా విషయంలో పైన చెప్పిన మాటే నాదీ. దాని తర్వాత వచ్చే చిక్కు చెప్తా. ఇప్పుడు నీకు మిగిలినవి తోటలో 18 కప్పులు, వాలు మీద 9. రెండేసి రోజులు చొప్పున తోటలో 36 ట్రాప్-రోజులు, వాలు మీద 18. అంటే ఒకచోట రెండింతలు వెతికావు. రెండింతలు వెతికితే రకాలు ఎక్కువ దొరకడం సహజం, కాబట్టి తోటలో ఇన్ని రకాలు కొండ మీద ఇన్ని రకాలు అని నేరుగా పక్కపక్కన పెట్టకూడదు. తోట 18లోంచి ఏవో 9 కప్పులు తీస్తే సగటున ఎన్ని రకాలు వస్తాయో లెక్క కట్టి దాన్ని వాలు 9తో పోల్చాలి, రేర్‌ఫ్యాక్షన్ అనేది అదే, ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రెండు లైన్ల పని. కప్పులు పెరిగేకొద్దీ రకాలు ఎలా పెరుగుతాయో ఆ కర్వ్ గీసినప్పుడు చివర చదునుగా అయిందా ఇంకా పైకి పోతోందా చూడు, పైకే పోతుంటే అక్కడ నీకు దొరకని రకాలు ఇంకా చాలా ఉన్నట్టు.

చీమలకి ప్రత్యేకంగా ఇంకో జాగ్రత్త ఉంది. చీమ ఒంటరి పురుగు కాదు. కప్పు ఒక గూటి దారిలో పడిందంటే ఒకే రకం 200 వచ్చి పడతాయి, 30 సెంటీమీటర్లు పక్కకి పెట్టుంటే ఆరు వచ్చేవేమో. అందుకని చీమలవాళ్లు తలల లెక్క నమ్మరు, ఎన్ని కప్పుల్లో ఆ రకం కనపడింది అన్నది చూస్తారు. నీ మూడు రెట్ల సంగతి కూడా ముందు అలా లెక్కేసి చూడు, ఒకటో రెండో కప్పులే ఆ అంకెని మోస్తూ ఉండొచ్చు.

చివరగా ఒక చేదు మాట, ఇప్పుడే చెప్పడం మంచిది. ఒక తోటలో పెట్టిన 20 కప్పులు 20 తోటలు కావు. జీడి తోటలకీ తుప్పల కొండలకీ తేడా ఏంటి అనే ప్రశ్నకి నీ దగ్గరున్నది ఒక తోట, ఒక కొండ. హర్ల్‌బర్ట్ అనే ఆయన 1984లో సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టింది ఈ తప్పుకే, నలభై ఏళ్లయినా ఇప్పటికీ చేస్తూనే ఉన్నాం. వీలైతే కప్పులు తగ్గించి చోట్లు పెంచు, ఒక్కోచోట 20 బదులు 8 పెట్టి, నాలుగు తోటలు నాలుగు వాలులు.

చీమలబాట:
తూర్పుకనుమ అన్నా, లెక్కలపుస్తకం గారూ, చాలా చాలా థాంక్స్. పాతిన రోజే మూత తీశాను అన్నా, ఎవరూ చెప్పలేదు. మట్టి కప్పులు పారెయ్యలేదు, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టా, రేపు జల్లెడ పడతా. కప్పుల లెక్కన చూశా, మీరు చెప్పినట్టే తోటలో ఒక్క కప్పులోనే 230 దాకా ఒకే రకం చిన్న చీమలు, ఫైడోల్ అనుకుంటున్నా, కొన్నిటికి తల పెద్దగా ఉంది. అది తీసేసినా తోటే ఎక్కువ ఉంది గానీ మూడు రెట్లు కాదు, రెండు రెట్ల లోపే.

నాలుగు తోటలు నాలుగు వాలులు అంటే మాత్రం భయమేస్తోంది. జనవరి లోపు ఫీల్డ్ అయిపోవాలి, నాకు బండి లేదు, ఆ రూట్లో బస్సులు తక్కువ, వారం మధ్యలో క్లాసులు. ఆడపిల్లని కాబట్టి ఒక్కదాన్నే కొండెక్కొద్దని ఇంట్లో షరతు, తమ్ముడికి కుదిరినప్పుడే వెళ్లాలి. నాలుగు కాకపోతే మూడేసి చాలా?

జీడితోట_భీమిలి:
చెల్లెమ్మా, మాది మీరు చెప్పిన ఊరికి పక్కూరే, మాకూ నాలుగెకరాల జీడి ఉంది. మీ లెక్కలు నాకు తెలీవు గానీ జీడి తోట తెలుసు, అందుకని రాస్తన్నాను.

తోటలో చీమలు ఎక్కువ అగుపడుతున్నాయి అన్నావు కదా. మీ రైతు కింద తుప్ప కొట్టించేశాడా లేదా చూసుకో. జీడిపిక్క రాలితే ఏరుకోవాలి కాబట్టి మేం చెట్ల కింద ఊడ్చినట్టు ఉంచుతాం, కొంతమంది వానలవ్వగానే కొట్టించేస్తారు, కొంతమంది పూత వొచ్చాక. సాపుగా ఉన్న నేల మీద చీమ రోడ్డు మీద పోయినట్టు పోతాది, నీ కప్పులో పడతాది. కొండ మీద గడ్డీ ఆకూ ముళ్లూ, చీమ ఆకు మీదెక్కి ఆకు మీద దిగి పోతాది, నేలకే రాదు. కొండ మీద లేవని కాదు, నీ కప్పుదాకా రాలేదంతే.

ఇంకోటి, చెట్టు మీద చూశావా? ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమలు మా చెట్ల మీద బోలెడు. కోతకి వెళ్తే కుట్టి చంపేస్తాయి, అయినా మా నాయన వాటి జోలికి పోనివ్వడు, అవున్న చెట్టుకి టీ దోమ (చిగురు రసం పీల్చే పురుగు) తక్కువని ఆయన నమ్మకం, వ్యవసాయ శాఖోళ్లు కూడా అదే మాట చెప్పారు. అవి నీ కప్పులో ఎన్ని పడ్డాయి? పడకపోతే తోటలో అవి లేవని రాసేస్తావా?

మందు సంగతి కూడా అడుగు. కొత్త చిగురప్పుడు ఒకసారి, పూతప్పుడు ఒకసారి, పిందె కట్టాక ఒకసారి టీ దోమకి మందు కొడతాం. మందు కొట్టిన వారంలో కప్పులు పెట్టావంటే నువ్వు లెక్కెట్టేది చీమల్ని కాదు మందుని. మేకలోళ్లకి కూడా ఒక మాట చెప్పుంచు, ఉప్పు నీళ్లు కదా, మేక వాసన పట్టిందంటే కప్పుతో సహా పీకేస్తాది. నీ మూడు కప్పులు మేకలే అయ్యుంటాయని నా అనుమానం. ఊళ్లో వాళ్లకి ఇదేటని ముందే చెప్తే కప్పులు ఎవరూ ముట్టుకోరు, చెప్పకపోతే పిల్లలు తీసుకుపోయి ఆడుకుంటారు.

తూర్పుకనుమ:
అన్నా, మీరు రాసిన రెండో పేరా నేను రాయాల్సింది, మర్చిపోయాను. చెల్లీ, అది రాసి పెట్టుకో. పిట్‌ఫాల్ కప్పు చీమల సంఖ్యని కొలవదు, సంఖ్యా నడకా కలిపి కొలుస్తుంది. చల్లబడితే నడక తగ్గుతుంది, గడ్డి ఎక్కువుంటే తగ్గుతుంది, అప్పుడు చీమలు తగ్గాయని మనం అనుకుంటాం. అందుకే తోటలో రెండు రెట్లు చీమలున్నాయి అని రాయకు, తోట కప్పుల్లో రెండు రెట్లు పడ్డాయి అని రాయి, దాంతోపాటు ప్రతి కప్పు చుట్టూ ఒక చదరపు మీటరులో ఎంత ఖాళీ నేల, ఎంత గడ్డి, ఎంత రాలిన ఆకు ఉందో అంచనా వేసి రాసుకో. ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

ఇంకా బాగుండాలంటే ఆకుచెత్త కూడా జల్లెడ పట్టు. 2000లో చీమలవాళ్లంతా కలిసి ఒక పద్ధతి ఒప్పుకున్నారు, ఏఎల్ఎల్ (ఆంట్స్ ఆఫ్ ద లీఫ్ లిటర్, అంటే ఆకుచెత్త చీమలు) ప్రోటోకాల్ అంటారు, 200 మీటర్ల గీత మీద 10 మీటర్లకొకటి 20 కప్పులు, 20 చదరాల ఆకుచెత్త, ఒక్కో చదరం ఒక మీటరు. నీ 10 మీటర్ల దూరం ఎక్కడ్నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమయ్యుంటుంది, సగం చేసేశావు. మిగతా సగానికి విన్‌క్లర్ సంచి కావాలి, కొనక్కర్లేదు, దర్జీ దగ్గర కుట్టించుకోవచ్చు, లోపల వలసంచీలో ఆకుచెత్త, బయట గుడ్డసంచి, అడుగున ఆల్కహాల్ సీసా, నీడలో వేలాడదీస్తే చెత్త ఆరేకొద్దీ చీమలు కిందకి దిగి సీసాలో పడతాయి. కప్పులో ఎప్పటికీ పడని చిన్న చిన్న చీమలు అందులో వస్తాయి. చెట్టు మీద ఎర్రచీమలకి ఈ రెండూ పనికిరావు, వాటికి చెట్టుకొక రెండు నిమిషాలు చూసి గూళ్లు లెక్కపెట్టుకోవడమే. లేదంటే టైటిల్‌లోనే నేల మీది చీమలు అని స్పష్టంగా రాయి, అదీ తప్పు కాదు.

ఒంటి జాగ్రత్త కూడా. వానలయ్యాక తుప్పల్లో తిరిగితే నల్లిపిల్లల్లాంటి మైట్స్ కుడతాయి, వాటి వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. ప్యాంటు సాక్సులోకి దోపుకో, గడ్డి మీద నేరుగా కూర్చోకు, ఇంటికెళ్లగానే స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో వెయ్. పది పదిహేను రోజుల్లో జ్వరం వస్తే డాక్టరుకి తుప్పల్లో పని చేశానని నువ్వే చెప్పు, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కట్టిన మచ్చ ఉందేమో వెతుకు. చెప్తే మందు తేలిక, చెప్పకపోతే రోజులు పోతాయి. నాతో తిరిగిన ఒకబ్బాయికి ఎనిమిది రోజులు వేరే జ్వరమనుకునే వైద్యం చేశారు, ఆ ఎనిమిది రోజులూ నాకు నిద్ర లేదు.

రాత్రిదీపం:
నేను చీమలు కాదు, మాత్‌లు (రాత్రిపూట దీపానికొచ్చే సీతాకోకల్లాంటి పురుగులు) చూస్తాను, లంబసింగి వైపు తెల్లగుడ్డ కట్టి లైటు పెట్టి. ఒక్క మాట చెప్పాలని వచ్చా. పైన కప్పు డిజైన్ మార్చమన్నారు, మార్చాల్సిందే, కానీ మార్చాక మొదటి రౌండుని తర్వాతి రౌండ్లతో కలపకూడదు. పైకప్పు లేని కప్పు, పైకప్పున్న కప్పు రెండు వేరే పనిముట్లు, పైగా మొదటిది పాతిన రోజే తెరిచావు. మొదటి రౌండుని పైలట్, అంటే పద్ధతి పరీక్షించుకున్న రౌండు, అని రాసి పక్కన పెట్టెయ్, ఆ నష్టం చిన్నదే.

మాకైతే చంద్రుడే పెద్ద సమస్య. పున్నమి రోజుల్లో లైటుకొచ్చే మాత్‌లు బాగా తగ్గిపోతాయి, అడవిలో తగ్గి కాదు, వెన్నెల్లో మా దీపానికి బలం ఉండదు. తొలకరికి ఉసిళ్లు లేచిన రాత్రయితే గుడ్డంతా అవే, మాత్ ఎక్కడుందో కనపడదు. అందుకే తిథి, మబ్బు, గాలి, టైము, బల్బు వాట్స్ అన్నీ రాస్తా. పనిముట్టు మార్చకుండా ఉంటే ఎంత దూరం వెళ్లొచ్చో జర్మనీలో క్రెఫెల్డ్ అనే ఊరి పురుగుల సంఘం చూపించింది. 1989 నుంచి 2016 దాకా 27 ఏళ్లు, 63 రక్షిత ప్రాంతాల్లో, ఒకే కొలతల మలైజ్ ట్రాప్. అది గుడారంలా కడతారు, ఎగిరే పురుగు గుడ్డకి తగిలి పైకి పాకి సీసాలో పడుతుంది. పట్టుకున్నవాటిని రకాలుగా విడదీసి లెక్కపెట్టలేదు, నీరు కార్చి తూచారంతే. బరువు 76 శాతం తగ్గిందని 2017లో వచ్చింది, ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ట్రాప్ సైజు మధ్యలో మార్చుంటే ఆ మాట ఎవరూ అనగలిగేవారు కాదు.

లెక్కలపుస్తకం:
చీమలబాట, మూడేసి చాలు. మూడు తోటలు మూడు వాలులు, ఒక్కోదాంట్లో 8 కప్పులు, 48 కప్పులే, ఇప్పటికంటే 8 ఎక్కువ. చోటుకీ చోటుకీ మధ్య కనీసం ఒక కిలోమీటరన్నా ఉండేలా చూడు. ఆరు చోట్లా ఒకే రోజు తెరవలేకపోతే ఒక తోట, దానికి దగ్గర్లోని ఒక వాలు జతగా ఒకే రోజు తెరువు, అప్పుడు వాన పడినా రెండిటి మీదా పడుతుంది. మూడు తోటలూ ఒక వారం మూడు వాలులూ ఇంకో వారం మాత్రం చెయ్యొద్దు.

చీమలబాట:
ఇవాళే గైడ్‌తో మాట్లాడాను, ఈ పేజీ చూపించాను. మొదటి రౌండు పైలట్ అని రాయడానికి ఒప్పుకున్నారు, టైటిల్‌లో నేల మీది చీమలు అని మార్చమన్నారు. మట్టి కప్పుల్ని జల్లెడ పడితే మిగతా 9 కప్పుల్లో లేని రకాలు మూడు దొరికాయి, ఒకటి పొడవు కాళ్ల నల్లచీమ, పేరింకా తెలీదు, విడిగా సీసాలో పెట్టి వాలు-రకం 7 అని లేబుల్ రాశా. ఎర్రచీమలు కప్పుల్లో ఆరే పడ్డాయి అన్నా, నిన్న తోటలోకి వెళ్లి తలెత్తి చూస్తే 12 చెట్ల మీద గూళ్లున్నాయి.

రెండు వాలులు, ఒక తోట ఇంకా వెతకాలి. జీడితోట అన్నా, మీ తోటలో 8 కప్పులు పెట్టుకోనిస్తారా? ఈ శనివారం తమ్ముడితో వచ్చి పాతేసి మూతలు పెట్టేస్తా, వచ్చే శనివారం తెరుస్తా. మందు ఎప్పుడు కొడతారో దాన్ని బట్టి మార్చుకుంటా. ఎర్రమట్టి దిబ్బల వైపు ఒక జీడి తోట కనపడింది గానీ అది రక్షిత ప్రాంతానికి మరీ దగ్గర, అక్కడ తవ్వడం ఇష్టం లేదు.

జీడితోట_భీమిలి:
రా తల్లీ, దానికి అడగాలేటి. చిగురు ఇంకా రాలేదు, ఈ నెలాఖరు దాకా మందు కొట్టం. తుప్ప కొట్టించడం కూడా నీ పనయ్యేదాకా ఆపుతానని నాయన అన్నాడు. మేకల ముసలాయనతో మాట్లాడాను, నీ కప్పులున్నన్ని రోజులూ చెరువు వైపు తోలుకుపోతానన్నాడు. గుంతలు ఎంత లోతో చెప్పు, శుక్రవారం సాయంత్రం నేనే తీసి ఉంచుతాను, మా నేల కూడా రాయే.